ఆరు గళ్ళ కొండ

రాజమండ్రి,
9 జులై 2007

అక్కా,

మన ఇంట్లో నాకు కోపం వస్తే అలక అంటారు, మాట్లాడకపోతే పొగరంటారు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పెళ్ళీడు దాటుతోందిగా అంటారు. “దీనికి కోపం వచ్చింది, ఎందుకో కనుక్కుందాం” అని మాత్రం ఒక్కరూ అనరు. అందుకే నీకు రాస్తున్నాను, అదీ నీ స్కూలు అడ్రసుకి. నీ సెల్లుకి చేస్తే బావ ఎత్తుతున్నాడు. ఇంటి ఫోనుకి చేస్తే మీ అత్తగారు టీవీ సౌండు తగ్గించి మరీ వింటున్నారు.

మొన్న ఆదివారం ద్రాక్షారామం వెళ్ళాను. వీధి అరుగు మీద చెప్పులు విప్పుతూ తలెత్తితే గోడ మీద తాతయ్య ఫోటో పక్కన నేనున్నాను. దండ ఒక్కటే తక్కువ. బావ వేయించిన రంగుల కరపత్రాన్ని నాన్న ఫ్రేము కట్టించి తగిలించారు. “శ్రీ భీమేశ్వర గార్డెన్స్. వరద ముంపు ఎరుగని మెరక భూమి.” కింద రంగులు పులిమిన మ్యాపు, మన కొబ్బరితోట ఉన్నచోట ఎర్రగా. దాని కింద “ఉపగ్రహ సర్వే: కుమారి హరిచందన, ఎమ్మెస్సీ.” పక్కన నా ఫోటో.

నాన్న ఆఖరికి పాలవాడిక్కూడా చూపిస్తున్నారు. “మా చిన్నమ్మాయి శాటిలైట్ పెట్టి కొలిచిందయ్యా. పెద్దమ్మాయికిచ్చిన తోట ఎంత మెరకో తేల్చేసింది.” నేను కొలవలేదు నాన్నా అన్నాను. “చూశావా, ఎంత అణకువో” అన్నారు పాలవాడితో. ఆ ఫ్రేము దింపమని గట్టిగా అడిగితే అమ్మ వంటింట్లోంచి, “ఏంటే, నీ పేరు చిన్నక్షరాల్లో వేశారనా?” అంది. మాణిక్యాంబ అత్తయితే తేల్చేసింది: “అక్కకి పసుపుకుంకుమ కింద తోటిచ్చారు, తనకింకా ఏమీ ఇవ్వలేదని లోపల మంట. పైకి అనలేదుగా పాపం.”

నాకు తోటా వద్దు, పెద్దక్షరాలూ వద్దు. జరిగింది నీకైనా అర్థమవుతుందని చెబుతున్నాను. పోయినేడు వరద తరవాత మురుగు కాలవలు బాగుచేసే ముందు ఎక్కడ మెరక, ఎక్కడ పల్లం అని తేల్చే పని మా ఉదయ్‌భాస్కర్ గారి ఆఫీసు తీసుకుంది. మా దగ్గర ఒక ఫైలుంది. డెల్టా అంతటినీ గళ్ళుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు అంకె రాసి ఉంటుంది. గడి అంటే రెండెకరాలనుకో. ఆ అంకెలు రెండువేల సంవత్సరంలో ఆకాశంలోంచి రాడార్‌తో తీసినవి. రాడార్ కొబ్బరితోట మీద పడితే నేల దాకా దిగదు, మట్టల దగ్గరే తగిలి వెనక్కి పోతుంది. అందుకని తోట ఉన్న ప్రతిచోటా ఫైల్లో కొండ ఉంటుంది. పక్క చేను అయిదు మీటర్లుంటే మన తోట పద్నాలుగు.

ఆ చెట్లని బావ పోయినేడు కొట్టించేశాడు. చెట్లు పోయాయి, వాటి ఎత్తు మాత్రం ఫైల్లో మిగిలింది. ఆ ఎత్తు మీద ప్లాట్లు వేసి అమ్ముతున్నాడు. చెట్ల ఎత్తుని తీసేసి, నేల ఎత్తు ఉంచడమే నా ఉద్యోగం. అంటే నేను చేసే పనికి సరిగ్గా తలకిందులైన దాని మీద నా పేరు వేశారు.

ఆ మ్యాపు మా ఆఫీసులోంచి బావ చేతికి ఎలా వెళ్ళింది? నా ఫోటో ఎవరిచ్చారు? నీకేమైనా తెలుసా?

చందు

*

తణుకు,
17 జులై 2007

చిరంజీవి చందూకి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పితే పక్కన హిందీ టీచరు “ఎవరిదండీ, లవ్ లెటరా ఇంత లావుంది?” అని ఒకటే నవ్వు. ఫిర్యాదుల పుస్తకం అని చెప్పాను.

ఎందుకే ప్రతిదీ అంత లోపలికి తీసుకుంటావు? నీ పేరు నలుగురికీ తెలియాలనే కదా మీ బావ వేయించారు. మీ ఉదయ్‌భాస్కర్ గారూ ఆయనా ఇంజినీరింగులో రూమ్మేట్లట, ఆ చనువుతో అడిగుంటారు. మన వాళ్ళెవరి ఇంట్లోనైనా ఆడపిల్ల పేరు కరపత్రం మీద పడిందా చెప్పు? నాన్న మురిసిపోవడంలో తప్పేముంది?

అయినా కొబ్బరిచెట్టుకీ కొండకీ తేడా తెలియని శాటిలైట్‌ని నమ్ముకుని ఎమ్మెస్సీ ఎలా చేశావే నువ్వు? ఈ మాట మీ బావతో అంటే ఆయన కూడా నవ్వారు.

మాగాయ పెట్టాను. అమ్మిరాజు అని మా స్కూలు ప్యూను శనివారం రాజమండ్రి వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను. డబ్బా మాత్రం తిరిగి పంపు.

నీ అక్క,
ప్రసన్న

*

రాజమండ్రి,
6 ఆగస్టు 2007

అక్కా,

మాగాయ బాగుంది. డబ్బా కడిగి పంపుతున్నాను.

రెండు ప్రశ్నలడిగితే ఒకదానికే జవాబు చెప్పావు. రెండోది నేనే చెబుతాను. ఆ ఫోటో కొవ్వూరు రేవులో తీసింది. వెనకాల రైలు వంతెన, నా ఒంటి మీద నీ ఆకుపచ్చ చీర. దానికి ఒకటే కాపీ. నీ బీరువాలో, నీ పెళ్ళి ఆల్బం అట్టలో ఉండేది. బీరువా తాళం నీ నడుముకి ఉంటుంది. కాబట్టి బావ అడిగాడు, నువ్వు తీసిచ్చావు.

ఉదయ్‌భాస్కర్ గారిని అడిగాను, దిద్దని మ్యాపు బయటికి ఎలా ఇచ్చారండీ అని. “ఫ్రెండ్ అడిగాడు, ఇచ్చాను. ఫైలు ఫైల్లోనే ఉంది కదమ్మా, అరిగిపోయిందా?” అన్నారు. ఆయనకి ఈ పని రాదు. నేను చేసేది పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కాఫీ తాగుతారు.

నువ్వు వేళాకోళం చేశావు కాబట్టి నా పనేంటో చెబుతాను, విను. నేను వాడే కంప్యూటర్ భాష పేరు ఆర్. అవును, ఒక్క అక్షరమే. గణాంకాల వాళ్ళు లెక్కల కోసం తయారుచేసుకున్నది. ఫైలు చదవమంటే గళ్ళన్నిటినీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. అక్కడ, మా సర్వేయర్లు ఊరూరా తిరిగి నేల మీద కొలిచి తెచ్చిన అంకెలు చూసుకుంటూ తోటలున్న గళ్ళలో చెట్టెత్తు తీసేస్తాను. తీసినంత మాత్రాన డిస్కులో ఉన్న ఫైలు మారదు. కరెంటు పోయిందా, ఆ రోజు పనంతా గోదాట్లో కలిసినట్టే. మార్చినదాన్ని కొత్త ఫైలుగా రాయమని చెప్పాలి. రాసింది మళ్ళీ తెరిచి, అంకెలు సరిగ్గా దిగాయా, సముద్రం ఉన్నచోట సముద్రమే ఉందా అని చూసుకోవాలి. పాత పేరుతో రాస్తే పాత ఫైలు మీద కొత్తది ఎక్కి కూర్చుంటుంది, పాతది ఇక దొరకదు. అందుకని నేను ఎప్పుడూ వేరే పేరుతోనే రాస్తాను.

మొన్న మన తోట గళ్ళు దిద్దాను. నీ అయిదెకరాలూ, బావ పక్కన కొన్నదీ కలిపి పన్నెండెకరాలు, ఆరు గళ్ళు. చెట్టెత్తు తీసేస్తే పక్క చేను కంటే కూడా అరమీటరు పల్లం. దీనికి శాటిలైట్ ఎందుకు? తొంభై ఆరు తుఫానప్పుడు ఆ తోటలో అరటిబోదెల తెప్ప మీద నన్నెక్కించి తోసింది ఎవరు? కాలవ వెనక్కి తన్ని వారం రోజులు నీళ్ళు తియ్యలేదని తాతయ్య కొబ్బరికాయలు తెప్ప మీదే మోయించారు. నాన్నకి తెలుసు, నీకు తెలుసు. తెలిసి కూడా అందరూ “కంప్యూటర్ చెప్పింది” అంటున్నారు. ఆ కంప్యూటర్ నేనేనట!

బావని కరపత్రం వెనక్కి తీసుకోమను.

చందు

*

తణుకు,
20 ఆగస్టు 2007

చందూ,

ఫోటో నేనే ఇచ్చాను. నీకు మంచి పేరొస్తుందనే ఇచ్చాను. ఇంత లాయరు ప్రశ్నలు వేస్తావనుకోలేదు.

మీ బావ గ్రావెల్ తోలిస్తామంటున్నారు. రెండడుగులు లేపితే సరిపోతుందట. కరపత్రాలు ఊరూరా వెళ్ళిపోయాయి, ఇప్పుడు వెనక్కి ఎలా వస్తాయి? “మీ చెల్లికి పెళ్ళి కాకపోతే ఊళ్ళో ఎవరినీ ఇల్లు కట్టుకోనివ్వదా ఏంటి” అని నవ్వారు. నవ్వులాటకే అన్నారు, పట్టించుకోకు.

నీ కంప్యూటర్ నాకు తెలీదు చందూ. నా సంసారం నాకు తెలుసు. ఇలాంటివి స్కూలుకి రాయకు, హెడ్‌మిస్ట్రెస్ కవరు పట్టుకుని వెలుతురుకి చూస్తోంది.

అక్క

*

రాజమండ్రి,
12 నవంబర్ 2007

అక్కా,

రాయొద్దన్నావని రెండున్నర నెలలు రాయలేదు. ఇవాళ రాయక తప్పదు. మీ హెడ్‌మిస్ట్రెస్‌ని కూడా చదవనీ.

నిన్న ఆఫీసుకి అబ్రహాము మాస్టారు వచ్చారు. మనిద్దరికీ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారే. రిటైరయ్యారు. చేతిలో పూతరేకుల పొట్లం. గుమ్మంలోంచే, “ఏమ్మా హరిచందనా, ఎర్త్ అంతా కొలిచేస్తున్నావట!” అన్నారు. కుర్చీ వేస్తే కూచోరు. నా కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగారు, గుడి చుట్టూ తిరిగినట్టు.

“భీమేశ్వర గార్డెన్స్‌లో ప్లాటు తీసుకున్నానమ్మా. పేపరు మీద నీ పేరు చూశాక ఇంకెవర్నీ అడగలేదు. తొమ్మిదో తరగతిలో నీకు నూటికి తొంభైతొమ్మిది వేశాను, ఆ ఒక్క మార్కూ చేతిరాతకి కోశాను. నీ లెక్క తప్పదని నాకు తెలుసు.”

ఇల్లు ఎలా కడుతున్నారండీ అన్నాను.

“మేడ వద్దమ్మా. మా ఆవిడకి మోకాళ్ళు పోయాయి, మెట్లెక్కలేదు. ఒకటే అంతస్తు, గుమ్మం నేలకి సమానంగా. చక్రాల కుర్చీ పట్టేలా తలుపులు. ఫిబ్రవరిలో పాస్టరు గారు వచ్చి పునాది ప్రార్థన చేస్తారు. నువ్వు రావాలి.”

మొన్నటి వానకి స్థలం చూశారా మాస్టారూ అని అడిగాను. చూశారట. “నీళ్ళు నిలిచాయమ్మా. ప్లాట్ల రాళ్ళకి పచ్చరంగు వేశారు కదా, ఆ తలలే పైకి కనబడుతున్నాయి. మీ బావ గణేష్‌బాబు గారు అక్కడే ఉన్నారు, ఇంజన్లు పెట్టి తోడిస్తున్నారు. పైపు పగిలిందటమ్మా.”

పైపు! అక్కా, ఆ పన్నెండెకరాల్లో ఇంతవరకు ఒక్క పైపు వేశారా?

లెక్కల మాస్టారు ఆ మాట నమ్మారు. ఎందుకంటే నా పేరు ఉంది కాబట్టి. కళ్ళెదుట నీళ్ళు నిలబడి ఉంటే, శిష్యురాలు తప్పు చెప్పదు గనక పైపు పగిలి ఉంటుందని సరిపెట్టుకున్నారు.

బావ నన్ను నవ్వులాటకి ఏమన్నా ఊరుకునేదాన్ని. కానీ నా పేరుని ఎరగా కట్టి, నాకు లెక్కలు నేర్పిన మనిషిని పట్టుకున్నాడు. దీనికి నేను ఊరుకోను. అరవను, ఏడవను, అలగను కూడా. ఇంట్లోవాళ్ళకి తెలిసిన ఏ పేరూ దీనికి పెట్టలేరు.

నీకు ఈ వాన సంగతి తెలుసా? ఇంజన్లు మీ పెరట్లోంచే వెళ్ళాయి కదా?

చందన

*

తణుకు,
3 డిసెంబర్ 2007

చందూ,

ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. పంచదార ఫ్యాక్టరీలో గానుగ ఆడుతోంది, ఊరంతా మడ్డి వాసన. తల నొప్పి ఒక్కటే తక్కువనుకుంటే అదీ వచ్చింది.

వాన సంగతి తెలుసు. ఇంజన్లు మా పెరట్లోంచే వెళ్ళాయి. సరేనా?

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. పక్కన కొన్న తోట కూడా నా పేర్నే కొన్నారు. పన్నెండెకరాలూ నా పేర్నే ఉంది. ప్లాట్ల కాగితాలన్నిటి మీదా సంతకాలు నావే. రిజిస్ట్రాఫీసులో వేలిముద్రలు వేసీ వేసీ సిరా వదలక, స్కూల్లో పిల్లలు “మేడమ్, ఓటేశారా?” అని అడిగారు. రేపు ఎవరైనా తిరగబడితే అడిగేది మీ బావని కాదు, నన్ను.

ఈ మూడు నెలలూ గడిచిపోనీ. మిగతా ప్లాట్లు అయిపోతాయి, గ్రావెల్ తోలిస్తాం, అన్నీ సర్దుకుంటాయి. మాస్టారికి ఏమీ చెప్పకు. మీ బావ ఉదయ్‌భాస్కర్ గారితో మాట్లాడారట. డెల్టా అంతా నీ ఇష్టం వచ్చినట్టు దిద్దుకో, ఆ ఆరు గళ్ళూ మాత్రం ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యి, చాలన్నారు. ఆరంటే ఆరే కదే! లక్షల గళ్ళున్నాయంటావు, ఆరు ఎవరికి కనబడతాయి?

నిన్ను తెప్ప మీద ఎక్కించి తోసిన మాట నిజమే. మునిగిపోకుండా తాడు పట్టుకున్నది కూడా నేనే. అది గుర్తుపెట్టుకో.

అక్క

*

రాజమండ్రి,
24 డిసెంబర్ 2007

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివాక చాలా ఆలోచించాను. ఉదయ్‌భాస్కర్ గారు కూడా పిలిచి అదే చెప్పారు: “ఆ ఆరూ ముట్టుకోకమ్మా, మిగతాది నీ పని నీదే.” సరేనండీ అన్నాను. ఆయనే ఆశ్చర్యపోయారు.

ఆరు గళ్ళూ వదిలేసి, మిగతా డెల్టా అంతా దిద్ది, ఫైలు రాసేశాను. మళ్ళీ తెరిచి చూశాను. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది.

జనవరి పదిన ఇక్కడ మీటింగు. ఇరిగేషన్ ఇంజినీర్లు, నీటి సంఘాల అధ్యక్షులు వస్తున్నారు. మ్యాపు తెర మీద వేస్తారు. తన స్థలం ముంపులో లేదని అందరి ఎదుటా ఖాయమవుతుంది కాబట్టి బావని కూడా రమ్మను. ఉదయ్‌భాస్కర్ గారు పిలుస్తారు. నాన్నని కూడా తీసుకురమ్మను. నా పని ఆయన ఎప్పుడూ చూడలేదు.

నీ చందు

*

తణుకు,
31 డిసెంబర్ 2007

నా బంగారు చందూకి,

ఉత్తరం కళ్ళకద్దుకున్నాను. నువ్వు ఎంత కోపిష్టివైనా లోపల వెన్న అని నేను ఎప్పుడూ అంటూనే ఉంటాను. మీ బావ ఎంత సంతోషించారో! “మరదలు దారికొచ్చింది” అని మాణిక్యాంబ అత్తకి ఫోను చేసి మరీ చెప్పారు. మీటింగుకని కొత్త చొక్కా కుట్టించుకుంటున్నారు. నాన్న కూడా వస్తారట, కరపత్రం ఫ్రేముతో సహా తెస్తానంటే వద్దని ఆపాను.

ఈసారి నువ్వొస్తే నీకు సంబంధం సంగతి కూడా మాట్లాడదాం. చల్లగా ఉండు.

నీ అక్క

*

రాజమండ్రి,
11 జనవరి 2008

అక్కా,

నిన్నటి సంగతి బావ నీకు వేరేలా చెప్పి ఉంటాడు. అసలు చెప్పకపోయి కూడా ఉంటాడు. అందుకని నేను రాస్తున్నాను.

హాలు నిండుగా ఉంది. బావ ముందు వరసలో, కొత్త చొక్కా, లేత గులాబీ రంగు. పక్కన నాన్న. వెనక వరసలో అబ్రహాము మాస్టారు. ఆయన్ని నేను పిలిచాను.

ఉదయ్‌భాస్కర్ గారు మైకు పట్టుకుని, “మా టీం అహర్నిశలు శ్రమించి” అంటూ మొదలుపెట్టి, ద్రాక్షారామం వైపు పెద్దది చేసి తెర మీద మ్యాపు వేశారు. ఆయన ఆ మ్యాపుని అంతకుముందు ఒక్కసారి కూడా తెరిచి చూసుకోలేదు. సంతకం పెట్టి ఊరుకున్నారు. మన అదృష్టం.

అక్కా, నువ్వు అడిగావు చూడు, ఆరు గళ్ళు ఎవరికి కనబడతాయని. పాత ఫైల్లో అయితే కనబడేవి కావు. అన్ని తోటలూ కొండలే కాబట్టి మంద మధ్యలో కలిసిపోయేవి. నేను మిగతా తోటలన్నిటినీ నేలకి దించేశాను. రంగులు నేను ఎంచలేదు, తక్కువ ఎత్తు నుంచి ఎక్కువ ఎత్తు దాకా యంత్రమే పంచుకుంది. డెల్టా అంతా అరిటాకులా ఒకే పచ్చ. దాని మధ్యలో, ద్రాక్షారామం పక్కన, నలుపలకలుగా గీసినట్టు, నిప్పులాంటి ఎర్ర ముక్క. ఆకు మీద మిరపకాయ పెట్టినట్టు. హాలు ఆ చివర నుంచి కూడా కనబడుతోంది.

వేంకటేశ్వర్లు గారని పెద్ద ఇంజినీరు గారు, కళ్ళజోడు సవరించుకున్నారు. “ఏంటండీ అది?”

“ఎలివేటెడ్ ల్యాండండీ” అన్నారు ఉదయ్‌భాస్కర్ గారు.

“ద్రాక్షారామం పక్కన కొండుందాండీ? మాది ఆ పక్క ఊరేనండీ. యాభై ఏళ్ళ నుంచి నాకెవరూ చెప్పలేదే!”

నీటి సంఘం బంగార్రాజు గారు లేచారు. “భీమేశ్వరుడి గుడి గోపురమేమోనండీ.”

“గోపురం పన్నెండెకరాలుంటుందాండీ?”

“అయితే మంచిదే కదండీ. కొండంటూ దొరికాక మెట్లు కట్టించేద్దాం. తలనీలాలకి తిరుపతి దాకా వెళ్ళక్కర్లేదు, మన గణేష్‌బాబు గారే టిక్కెట్టు పెడతారు.”

హాలు హాలంతా నవ్వింది, అక్కా. టీ ఇచ్చేవాళ్ళు కూడా నవ్వారు. బావ మెడ దగ్గర నుంచి చొక్కా రంగులోకి వచ్చాడు.

“కంప్యూటర్ ఎర్రర్ అండీ” అన్నారు ఉదయ్‌భాస్కర్ గారు. అప్పుడు ఇంజినీరు గారు నా వైపు తిరిగి, “ఏమ్మా, ఈ గళ్ళు నువ్వు మార్చావా?” అన్నారు.

“మిగతావన్నీ మార్చానండీ. ఈ ఆరూ మార్చొద్దన్నారండీ.”

“ఎవరన్నారు?”

నేను ఉదయ్‌భాస్కర్ గారి వంక చూశాను. ఆయన బావ వంక చూశారు. బావ ఫ్యాను వంక చూశాడు. హాలంతా వరసగా ఆ మూడు చూపులనీ పట్టుకుని వెళ్ళింది.

నేను రెండో ఫైలు తెరిచాను. అదీ అదే రోజు రాశాను, వేరే పేరుతో. ఆ సంగతి నీకు రాయలేదు. అందులో ఆరు గళ్ళూ దిద్ది ఉన్నాయి. ఎర్ర ముక్క ఉన్నచోట లేత నీలం గుంట వచ్చింది. ఇంజినీరు గారు, “ఆఁ, ఇదీ నేనెరిగిన చోటు” అన్నారు. ముంపు జాబితాలో రాయించారు.

బయటికొచ్చాక నాన్న బావతో కలిసి గేటు దాటి వెళ్ళిపోయారు. మాస్టారు మాత్రం దగ్గరికొచ్చి, “తొంభైతొమ్మిది కాదమ్మా, నీకు నూరు వెయ్యాల్సింది” అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. సంతోషమో, ఇల్లు పోయిన బాధో నేనడగలేదు.

సాయంత్రం ఉదయ్‌భాస్కర్ గారు రేపట్నుంచి రావద్దన్నారు. నేను అప్పటికే నా కప్పు కడిగి సంచిలో పెట్టుకున్నాను.

హరిచందన

*

తణుకు,
18 ఫిబ్రవరి 2008

హరిచందనకి,

మీ బావ నెల రోజులుగా బజారుకి వెళ్ళడం లేదు. వెళ్తే ఎవడో ఒకడు “కొండ ఎంతకిస్తారండీ” అంటున్నాడు. నాన్న ఫ్రేము దింపేశారు. తాతయ్య ఫోటో పక్కన గోడ మీద తెల్లటి చదరం మిగిలిందట, అమ్మ ఫోను చేసి ఏడ్చింది. కొన్నవాళ్ళు ఇంటి ముందు బారులు తీరుతున్నారు. సొమ్ము తిరిగివ్వలేమని మీ బావ చెబుతుంటే పక్కన నేను నిలబడాలి, ఎందుకంటే సంతకం నాది.

ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పు. నీకు నవంబర్‌లోనే అన్నీ తెలుసు. నిజం కోసమే అయితే ఆ రోజే ఇంజినీరు గారికి ఒక కాగితం రాస్తే సరిపోయేది. జనవరి దాకా ఎందుకు ఆగావు? “సరేనండీ” అని ఎందుకన్నావు? నాకు “ప్రియమైన అక్కకి” అని ఎందుకు రాశావు? కొత్త చొక్కా వేసుకొచ్చినవాణ్ణి నలుగురి మధ్యా కూచోబెట్టి నవ్వించడానికి. కన్నతండ్రిని కూడా పక్కనే కూచోబెట్టి. ఇది నిజం చెప్పడం కాదు, పగ తీర్చుకోవడం.

ఇప్పుడు మాస్టారు కాకినాడ వినియోగదారుల ఫోరంలో కేసు వేశారు. నోటీసు నా పేరున వచ్చింది. సాక్షుల్లో నీ పేరుందని తెలిసింది. నువ్వు వెళ్ళకపోతే కేసు నిలవదని మా లాయరు అన్నాడు. నీ పేరు నీకు తెలియకుండా వేశారని చెప్పగలిగేది నువ్వొక్కదానివే.

వెళ్ళకు. బావ కోసం కాదు, నా కోసం. స్కూల్లో నా ఉద్యోగం ఉంది. చేతులు జోడించి అడుగుతున్నాను.

ప్రసన్న

*

రాజమండ్రి,
2 మార్చి 2008

అక్కా,

నువ్వు అన్నది నిజం. పగే. మాస్టారికి పునాది తియ్యొద్దని ఆ నవంబర్ రోజే చెప్పాను, ఆయన్ని ప్రమాదంలో ఉంచి ఆడుకోలేదు. మిగతాది మాత్రం బావ కోసం దాచాను. బావని చూసి నలుగురూ నవ్వాలనే ఆగాను. నెల రోజులు ఆ ఎర్ర ముక్కని తలుచుకుని అన్నం తిన్నాను. తెర మీద పడ్డప్పుడు నా కోపం చల్లారింది. ఇది నీ దగ్గర దాచను.

కానీ నా లోపల పగ ఉన్నందువల్ల నీళ్ళు మెరకకి ఎక్కవు. నేను ఎంత మంచిదాన్నయినా, ఎంత చెడ్డదాన్నయినా, ఆ గళ్ళు పల్లమే.

నీకు మూడు అవకాశాలు వచ్చాయి. ఫోటో అడిగినప్పుడు, ఇంజన్లు పెరట్లోంచి వెళ్ళినప్పుడు, నా ఉత్తరం చదివినప్పుడు. ఒక్కసారైనా నాకో, మాస్టారికో కబురు పంపి ఉంటే నీ మీదికి ఎవరూ రాకుండా నేనే అడ్డు నిలబడేదాన్ని. నువ్వు ప్రతిసారీ నా నోరు మూయించడానికే రాశావు. ఇప్పుడూ దానికే రాశావు. మాస్టారి భార్య మోకాళ్ళ గురించి, వాళ్ళు అద్దె ఇంట్లో మిగిలిపోవడం గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, వెతికాను.

నీ సంతకం నీది. నా పేరు నాది.

కాకినాడలో కేసు పద్దెనిమిదిన పిలుస్తారు. రెండు ఫైళ్ళూ సీడీ మీద రాసి మాస్టారి లాయరుకి ఇచ్చాను. నేను వెళ్తున్నాను. నా పేరు నన్నడక్కుండా వేశారని, ఆ స్థలం ముంపని, అది మీ ఇద్దరికీ ముందే తెలుసని సాక్ష్యం చెబుతాను.

హరిచందన